హెచ్‌ఐవి ఉన్న బిడ్డకు లింఫోమా వస్తే – బ్రతుకు మీద ఆశ వదులుకోవద్దు



"సిస్టరమ్మా, ఒక జబ్బుతోనే వేగలేకపోతున్నాం. ఇప్పుడు క్యాన్సర్ కూడానా? ఇంక వీణ్ణి ఎక్కడికని తిప్పేది? ఇంటికి తీసుకుపోతాం."

ఇలాంటి మాట ఎక్కువగా అవ్వలే అంటారు. మన పశ్చిమ ప్రకాశంలో హెచ్‌ఐవి ఉన్న పిల్లలలో చాలామందికి తల్లి గానీ తండ్రి గానీ లేరు, కొందరికి ఇద్దరూ లేరు. మార్కాపురం పలకల పనిలోనో, గిద్దలూరు, కంభం పక్కల కూలి పనిలోనో ఉన్న అవ్వాతాతలే వాళ్ళను పెంచుతున్నారు. అటువంటి అవ్వకు డాక్టరుగారు "బిడ్డ మెడలో ఉన్న గడ్డ లింఫోమా" అని చెబితే ఆమె కాళ్ళ కింద నేల కదిలిపోతుంది. అది సహజం. కాని ఆ రోజు ఆమె తీసుకునే నిర్ణయం మీదే బిడ్డ ప్రాణం ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ సంచికలో ఈ విషయం గురించి వివరంగా వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హెచ్‌ఐవి ఉన్న బిడ్డకు లింఫోమా వచ్చినా, సకాలంలో గుర్తించి రెండు జబ్బులకూ కలిపి సరైన వైద్యం చేస్తే బిడ్డ బ్రతకవచ్చు. ఏళ్ళ తరబడి బ్రతికి, చదువుకొని, పెద్దయి, పని చేసుకోవచ్చు. అందరూ బ్రతుకుతారని మేము చెప్పము. అది అబద్ధమవుతుంది. కాని "రెండూ ఉంటే ఇక అంతే" అనేది కూడా అబద్ధమే.

లింఫోమా అంటే ఏమిటి?

మన శరీరంలో మెడ, చంకలు, గజ్జలు, పొట్ట, రొమ్ము లోపల చిక్కుడు గింజల వంటి చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వీటిని లింఫు గ్రంథులు అంటారు. కాలికి పుండు అయితే గజ్జలో బిళ్ళ కడుతుంది కదా, అది ఈ గ్రంథి ఉబ్బడమే. ఇవి మన శరీరానికి కాపలా ఠాణాల వంటివి. వీటిలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఉండి, వచ్చిన క్రిములతో పోరాడతాయి. ఆ కణాలలోనే ఒకటి అదుపు తప్పి, ఆగకుండా పెరుగుతూ పోతే దానినే లింఫోమా అంటారు. కాపలావాడే దొంగగా మారినట్లు అన్నమాట.

లింఫోమాలో చాలా రకాలున్నాయి. హెచ్‌ఐవి ఉన్న పిల్లలలో ఎక్కువగా కనిపించేవి బర్కిట్ లింఫోమా, పెద్ద బి-కణాల లింఫోమా. ఇవి చాలా వేగంగా పెరుగుతాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే ఇంకొక రకం కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది. బర్కిట్ గడ్డలోని కణాలు ఒకటి రెండు రోజులలోనే రెట్టింపు కాగలవు. ఆదివారం ఉసిరికాయంత ఉన్నది వచ్చే ఆదివారానికి నిమ్మకాయంత కావచ్చు. ఇంత వేగంగా పెరిగే గడ్డలు మనుషులలో అరుదు. అందుకని "పండగ పోయాక చూద్దాం" అనుకోవడానికి వీలులేదు. ఈ వేగంలోనే ఒక మంచి కూడా ఉంది. త్వరగా పెరిగే కణాల మీద కీమోథెరపీ మందులు బాగా పనిచేస్తాయి.

హెచ్‌ఐవి ఉన్న పిల్లలకు ఎందుకు వస్తుంది?

హెచ్‌ఐవి శరీరంలోని సీడీ4 కణాలను తగ్గించివేస్తుంది. ఇవి వ్యాధి నిరోధక సైన్యానికి నాయకుల వంటివి. నాయకుడు లేని సైన్యం ఏ క్రిమినీ అదుపులో ఉంచలేదు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఒకటుంది. అది ఎంగిలి ద్వారా చిన్నతనంలోనే దాదాపు అందరికీ సోకుతుంది. మీకూ మాకూ అది లోపల నిద్రపోతూ ఉంటుంది, హాని చేయదు. నిరోధక శక్తి తగ్గిన బిడ్డలో అది నిద్ర లేచి, లింఫోసైట్లను విపరీతంగా పెరిగేటట్లు చేయవచ్చు. దానికి తోడు హెచ్‌ఐవి వలన ఆ కణాలు ఎడతెగకుండా రెచ్చగొట్టబడుతూ ఉంటాయి. అలా పెరిగే కణాలలో ఎక్కడో ఒక తప్పు జరిగితే లింఫోమా మొదలవుతుంది.

కాబట్టి ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. తల్లి పాల వలనో, బిడ్డ తిన్న తిండి వలనో క్యాన్సర్ రాలేదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. లింఫోమా ఉన్న బిడ్డ పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా మరొకరికి రాదు.

ఒంటికన్ను డాక్టరుగారు, పాత కారు

బర్కిట్ లింఫోమాకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే మనవంటి చిన్న ఊళ్ళవారికి ధైర్యం కలుగుతుంది. డెనిస్ బర్కిట్ ఐర్లాండులో 1911లో పుట్టారు. చిన్నతనంలో ప్రమాదంలో ఒక కన్ను పోయింది. అయినా శస్త్రచికిత్స నేర్చుకొని ఉగాండా దేశంలో పనిచేశారు. 1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో దవడలు ఉబ్బిపోయిన ఒక పిల్లవాణ్ణి తోటి వైద్యుడు ఆయనకు చూపించారు. అటువంటి పిల్లలు ఇంకా ఉన్నారని గమనించి 1958లో ఆయన ఆ జబ్బు గురించి వ్రాశారు. 1961లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పాత కారులో ఆఫ్రికాలో పది వేల మైళ్ళు తిరిగి, ఊరూరా ఆసుపత్రులలో, మిషన్ ఆసుపత్రులలో ఈ జబ్బు ఎక్కడెక్కడ ఉందో అడిగి తెలుసుకున్నారు. ఆయన పంపిన గడ్డ ముక్కలలోనే 1964లో లండనులో ఎప్‌స్టీన్, ఆచాంగ్, బార్ అనే శాస్త్రజ్ఞులు పైన చెప్పిన వైరస్‌ను కనుగొన్నారు.

ముఖ్యమైన సంగతి ఇది. 1960లలో, పెద్ద సౌకర్యాలు లేని ఆ ఆసుపత్రులలోనే, కొద్దిపాటి కీమోథెరపీతో కొందరు పిల్లల గడ్డలు కరిగిపోయి, వాళ్ళు ఏళ్ళ తరబడి బ్రతికారు. పిల్లలలో క్యాన్సర్ మందులతో నయం కావచ్చునని ప్రపంచానికి తెలిపిన మొదటి సాక్ష్యాలలో అది ఒకటి.

అప్పటికీ ఇప్పటికీ తేడా

మన దేశంలో హెచ్‌ఐవి మొదట 1986లో చెన్నైలో బయటపడింది. తరువాతి సంవత్సరాలలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాలు రాష్ట్రంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న జిల్లాల లెక్కలోకి వచ్చాయి. మా వంటి నర్సులు పనిలో చేరిన 1990లలో మా చేతిలో ఉన్నది విరేచనాలకు సెలైను, జ్వరానికి మాత్ర, మంచి మాట మాత్రమే. హెచ్‌ఐవి మందులు విదేశాలలో ఉన్నాయని వినడమే గాని, వాటి ఖరీదు కూలి కుటుంబాలకు అందేది కాదు. ఆ రోజుల్లో హెచ్‌ఐవి ఉన్న మనిషికి లింఫోమా కూడా వస్తే నెలల మీద లెక్కే. కీమోథెరపీ ఇస్తే ఉన్న కొద్ది నిరోధక శక్తి కూడా పోయి, ఇన్ఫెక్షన్లతో మరణించేవారు.

2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. మొదట ఎంపిక చేసిన రాష్ట్రాలలో మనది కూడా ఉంది. పిల్లలకు మాత్రం వేరే మాత్రలు ఉండేవి కావు. పెద్దల మాత్రలనే విరిచి ఇచ్చేవారు. 2006 నవంబరులో పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలై, వారి బరువుకు తగ్గ మాత్రలు వచ్చాయి. 2008లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక పరిశోధన, హెచ్‌ఐవి ఉన్న పసిబిడ్డలకు జబ్బు ముదిరేదాకా ఆగకుండా వెంటనే మందులు మొదలుపెడితే మరణాలు నాలుగింట మూడు వంతులు తగ్గుతాయని చూపింది. 2017 నుండి మన దేశంలో సీడీ4 ఎంత ఉన్నా, హెచ్‌ఐవి అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నారు. ఇప్పుడు డోలుటెగ్రావిర్ అనే మందు ఉన్న మాత్రలు ఇస్తున్నారు. ఇవి బాగా పనిచేస్తాయి, క్యాన్సర్ మందులతో గొడవ కూడా తక్కువ.

ఈ మందులతో సీడీ4 నిలబడుతుంది. సీడీ4 నిలబడిన బిడ్డ పూర్తి మోతాదు కీమోథెరపీని తట్టుకోగలదు. అంటే లింఫోమా నయం కావడానికి దారి వేసింది హెచ్‌ఐవి మందులే. ఈ రెండు వైద్యాలూ ఒక బండికి కట్టిన రెండు ఎద్దులు. ఒక ఎద్దును విప్పేస్తే బండి సాగదు.

ఏ గుర్తులు చూడాలి?

ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుగారికి చూపించండి.

1. మెడ, చంక, గజ్జలలో నొప్పి లేని గడ్డ. రూపాయి బిళ్ళకన్న పెద్దదై, నెల రోజులైనా తగ్గకుండా ఉండడం, లేదా వారం వారం పెరుగుతూ ఉండడం.
2. దవడ ఉబ్బడం, పళ్ళు కదలడం, ఒక కన్ను ముందుకు వచ్చినట్లు ఉండడం.
3. పొట్ట పెరగడం, పొట్టలో గట్టిగా తగలడం, వాంతులు.
4. పడుకుంటే ఆయాసం, మొహం ఉబ్బడం. రొమ్ము లోపల గడ్డ ఉంటే ఇలా అవుతుంది. ఇది అత్యవసరం.
5. కారణం తెలియని జ్వరం, రాత్రిళ్ళు బట్టలు తడిసిపోయేంత చెమటలు, బరువు తగ్గిపోవడం.
6. కాళ్ళలో బలం పోవడం, మూతి వంకర, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ప్రాంతంలో మెడలో గడ్డ, జ్వరం, బరువు తగ్గడం అంటే ముందు గుర్తుకు వచ్చేది టీబీ. హెచ్‌ఐవి ఉన్నవారిలో టీబీ ఎక్కువ కూడా. పెద్దవాళ్ళు గండమాల అనేది దానినే. కాబట్టి టీబీని అనుమానించడం తప్పు కాదు. అయితే ఏ పరీక్షా చేయకుండా టీబీ మందులు మొదలుపెట్టి, గడ్డ తగ్గుతుందేమోనని నెలల తరబడి ఎదురుచూడడం ప్రమాదం. గడ్డ నుండి సూదితో తీసిన నీటిని సీబీనాట్ పరీక్షకు పంపాలి. టీబీ అని తేలకపోయినా, టీబీ మందులు వాడుతూ నెల గడిచినా గడ్డ పెరుగుతూనే ఉన్నా, ముక్క పరీక్ష చేయమని మీరే అడగండి. అడగడం మీ హక్కు. టీబీ మందులు వేసుకునేటప్పుడు మొదట్లో గడ్డ కొంచెం ఉబ్బడం కూడా ఉంటుంది కనుక, మీ అంతట మీరు మందులు ఆపకండి. నిర్ణయం డాక్టరుగారిది.

"గడ్డను కోస్తే క్యాన్సర్ పాకుతుంది" అని చాలామంది భయపడతారు. ఇది నిజం కాదు. ముక్క తీసి చూడకుండా అది ఏ రకం లింఫోమా అన్నది ఎవరికీ తెలియదు. రకం తెలియకుండా వైద్యం లేదు. సూది పరీక్ష ఒక్కటి చాలాసార్లు సరిపోదు, గ్రంథి మొత్తం గానీ ముక్క గానీ తీయవలసి వస్తుంది.

ఇంకో సంగతి. గడ్డకు పసరు కట్టు కట్టించడం, వాతలు పెట్టించడం వలన పుండ్లు పడి కాలం వృథా అవుతుంది. ఊళ్ళో చేయించే స్టెరాయిడు ఇంజక్షన్లు ఇంకా ప్రమాదం. స్టెరాయిడుతో లింఫోమా గడ్డ నాలుగు రోజులు కరిగినట్లు కనిపిస్తుంది, జ్వరం తగ్గుతుంది, బిడ్డ అన్నం తింటుంది. అందరూ సంతోషిస్తారు. తరువాత గడ్డ మళ్ళీ వస్తుంది. ఈలోగా ముక్క పరీక్ష చేసినా జబ్బు సరిగా కనబడదు. బిడ్డకు ఇప్పటికే ఏ ఇంజక్షను చేయించారో ఆ చీటీ దాచుకోండి, సిగ్గుపడకుండా చెప్పండి. ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

వైద్యం ఎలా ఉంటుంది?

మా వంటి ఆసుపత్రిలో పిల్లల క్యాన్సర్‌కు కీమోథెరపీ చేయము. మా పని త్వరగా అనుమానించి, త్వరగా పంపించడం, మధ్యలో మీకు తోడుగా ఉండడం. పిల్లల క్యాన్సర్ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, వెల్లూరులో సీఎంసీ, చెన్నైలో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అటువంటివి. ప్రభుత్వ ఆరోగ్య పథకం 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. మన రాష్ట్రంలో 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఏ ఆసుపత్రిలో ఇది వర్తిస్తుందో బయలుదేరే ముందే ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్, ఏఆర్‌టీ పుస్తకం, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి.

అక్కడ ముక్క పరీక్ష, స్కానింగు, ఎముక మజ్జ పరీక్ష, వెన్ను నీటి పరీక్ష చేస్తారు. తరువాత కీమోథెరపీ. బర్కిట్ రకానికి ఇది సాధారణంగా కొన్ని నెలలు, విడతలు విడతలుగా ఉంటుంది. వెన్నులోకి కూడా మందు ఎక్కిస్తారు. ఎందుకంటే ఈ జబ్బు మెదడు చుట్టూ దాక్కుంటుంది.

ఈ మందులలో రెండింటి గురించి చెప్పాలి. మెథోట్రెక్సేట్ అనే మందు వెనుక మన తెలుగువాడు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించినప్పుడు, ఆయన బృందం ఈ జాతి మందులను తయారుచేసింది. దానికి ముందు వచ్చిన అమైనోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1947 చివర రక్త క్యాన్సర్ పిల్లలకు మొదటిసారి ఇచ్చారు. సుబ్బారావుగారు 1948లో మరణించారు. ఇక విన్‌క్రిస్టిన్ అనే మందును బిళ్ళగన్నేరు మొక్క నుండి తీస్తారు. మన పెరళ్ళలో, సమాధుల దగ్గర పూసే ఆ మొక్కే. అయితే బిళ్ళగన్నేరు ఆకులు నూరి తాగించకండి. అది విషం. దానిని శుద్ధి చేసి, బరువును బట్టి కొలిచి, నరంలోకి ఇస్తేనే మందు.

మొదటి వారం చాలా జాగ్రత్తగా ఉండాలి. గడ్డ ఒక్కసారిగా కరిగినప్పుడు ఆ చెత్త అంతా రక్తంలోకి వచ్చి మూత్రపిండాలు మూసుకుపోవచ్చు. అందుకే సెలైన్లు ఎక్కువగా పెడతారు, మూత్రం కొలుస్తారు, రోజూ రక్తం తీస్తారు. "రక్తమంతా పీల్చేస్తున్నారు" అని గొడవపడి బిడ్డను తెచ్చేసుకోవద్దు. ఆ చెంచాడు రక్తమే బిడ్డను కాపాడుతుంది.

ఏఆర్‌టీ మందుల గురించి క్యాన్సర్ డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. దాచవద్దు. ఎందుకంటే జిడోవుడిన్ అనే మందు రక్తాన్ని తగ్గిస్తుంది. కీమోథెరపీ కూడా అదే చేస్తుంది. రిటోనావిర్ ఉన్న మందు విన్‌క్రిస్టిన్‌తో కలిస్తే కాళ్ళు చేతుల నరాలు దెబ్బతింటాయి. అవసరమైతే ఏఆర్‌టీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు మాట్లాడుకొని మందు మారుస్తారు. మారుస్తారు గాని ఆపరు.

ఇంటి దగ్గర జాగ్రత్తలు

కీమోథెరపీ విడతల మధ్య బిడ్డను ఇంటికి పంపినప్పుడు తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది మామూలు జ్వరం కాదు. అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి రావాలి. మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనుకుంటే చేజారిపోవచ్చు. ఇంట్లో ఒక థర్మామీటరు ఉంచుకోండి. ఆర్‌ఎంపీ దగ్గర తొడకు, భుజానికి ఇంజక్షన్లు చేయించకండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే లోపల రక్తస్రావం కావచ్చు.

కాచి చల్లార్చిన నీళ్ళు, అప్పుడే వండిన అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు ఇవ్వండి. రాత్రి మిగిలిన కూరలు, కోసి అమ్మే పండ్లు వద్దు. నోటిలో పుండ్లు పడితే ఉప్పు నీళ్ళతో పుక్కిలించాలి, కారం లేని రాగి జావ, మజ్జిగన్నం ఇవ్వాలి. జుట్టు ఊడిపోతుంది. మళ్ళీ వస్తుంది. ఆడపిల్లలు దీనికి చాలా ఏడుస్తారు. ముందుగానే చెప్పి, ఒక మంచి రుమాలు కొనిపెట్టండి.

నయమైన తరువాత

బర్కిట్ లింఫోమా తిరగబెట్టేదైతే చాలావరకు మొదటి సంవత్సరంలోనే తిరగబెడుతుంది. రెండేళ్ళు దాటితే ఆ భయం బాగా తగ్గిపోతుంది. అయిదేళ్ళు దాటిన బిడ్డ గురించి డాక్టర్లు ధైర్యంగా మాట్లాడతారు. హాడ్జ్‌కిన్ రకంలో మాత్రం ఇంకా కొంత ఎక్కువ కాలం గమనించాలి. హెచ్‌ఐవి లేని పిల్లలలో, మంచి సౌకర్యాలున్న దేశాలలో, బర్కిట్ లింఫోమా పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతున్నది. హెచ్‌ఐవి ఉన్న పిల్లలలో ఫలితం దానికన్న తక్కువే. ఆలస్యంగా రావడం, సన్నబడి రావడం, టీబీ కలవడం, మధ్యలో మానివేయడం దీనికి పెద్ద కారణాలు. చూడండి, వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

నయమైన బిడ్డకు జీవితమంతా కొన్ని సంగతులు గుర్తుండాలి.

గుండె: డాక్సోరూబిసిన్ అనే ఎర్రమందు ఏళ్ళ తరువాత గుండె కండరాన్ని బలహీనం చేయవచ్చు. డాక్టరుగారు చెప్పిన గడువులో ఎకో పరీక్ష చేయించాలి. ఆడపిల్ల అయితే గర్భం వచ్చినప్పుడు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఎదుగుదల, ఎముకలు, మూత్రపిండాలు: ఎత్తు, బరువు ఆరు నెలలకొకసారి వ్రాసుకోండి. కొన్ని హెచ్‌ఐవి మందులకూ, క్యాన్సర్ మందులకూ మూత్రపిండాల మీద ప్రభావం ఉంటుంది కనుక రక్తపరీక్ష అవసరం.

చదువు: వెన్నులోకి మందు తీసుకున్న కొందరు పిల్లలకు లెక్కలు, జ్ఞాపకశక్తి కాస్త మందగిస్తాయి. బద్ధకమని కొట్టకండి. టీచరుగారితో మాట్లాడండి.

కాగితాలు: ఏ మందు ఎంత మోతాదు ఇచ్చారో వ్రాసిన డిశ్చార్జి కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. ఇరవై ఏళ్ళ తరువాత దానితో పని పడుతుంది. అవ్వ ఉండకపోవచ్చు, కాగితం ఉండాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది ఏఆర్‌టీ మాత్ర. లింఫోమాను గెలిచి, ఆ తరువాత మాత్రలు మానివేసినందువలన బిడ్డను పోగొట్టుకోవడం కన్న పెద్ద దుఃఖం లేదు. పదిహేను, పదహారు ఏళ్ళ వయసులో ఈ ప్రమాదం ఎక్కువ. "నాకేం లేదు కదా, ఎందుకు మింగాలి" అంటారు. హాస్టలులో స్నేహితులు చూస్తారని దాచిపెడతారు. ప్రార్థన చేయించుకున్నాం కదా, ఇక మందులెందుకని మానేసే కుటుంబాలూ ఉన్నాయి. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయండి. ఒకదాని కోసం ఇంకొకటి మానవలసిన పనిలేదు. కనీసం ఏడాదికొకసారి ఉచితంగా చేసే వైరల్ లోడ్ పరీక్షను తప్పించవద్దు.

మీరు అడిగే ప్రశ్నలు

బిడ్డకు తన జబ్బు గురించి చెప్పాలా?
చెప్పాలి. ఆరు నుండి పన్నెండేళ్ళ మధ్య, బిడ్డకు అర్థమయ్యేటట్లు కొద్ది కొద్దిగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ముందు "నీ ఒంట్లో కాపలావాళ్ళు బలహీనంగా ఉన్నారు, ఈ మాత్ర వాళ్ళకు బలం" అనండి. పేరు తరువాత చెప్పవచ్చు. పక్కింటివారి నోటి ద్వారా తెలిసిన బిడ్డ మన మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. ఎలా చెప్పాలో తెలియకపోతే ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలరు సహాయం చేస్తారు.

బడిలో చేర్చుకోమంటే?
అలా అనకూడదు. 2017లో చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. బడిలో, ఆసుపత్రిలో, ఉద్యోగంలో వివక్ష చూపడం, అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవి సంగతి బయటపెట్టడం చట్టవిరుద్ధం. సలహా కోసం 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

పెద్దయ్యాక పెళ్ళి, పిల్లలు?
వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంత తక్కువగా ఉంటే లైంగికంగా భాగస్వామికి హెచ్‌ఐవి సోకదు. పుట్టబోయే బిడ్డకు సోకకుండా కూడా చాలావరకు ఆపవచ్చు. కీమోథెరపీ తీసుకున్నవారిలో కొందరికి సంతానం విషయంలో ఇబ్బంది ఉండవచ్చు, అందరికీ కాదు. అయితే సంగతి దాచి పెళ్ళి చేయవద్దు.

మజ్జ మార్పిడితో హెచ్‌ఐవి కూడా పోతుందని విన్నాం, నిజమా?
లండనులో ఆడమ్ కాస్టిల్లెహో అనే పెద్దాయనకు హెచ్‌ఐవితో పాటు హాడ్జ్‌కిన్ లింఫోమా ఉండేది. 2016లో మజ్జ మార్పిడి జరిగింది. హెచ్‌ఐవి కూడా కనబడకుండా పోయిందని 2019లో వైద్యులు ప్రకటించారు. కాని అందుకు చాలా అరుదైన దాత దొరకాలి, ఆ చికిత్సలో ప్రాణాపాయం ఎక్కువ. అందరికీ చేసే వైద్యం కాదు. దాని కోసం ఆస్తులు అమ్ముకోవద్దు.

అసలు రాకుండా చూడడం

హెచ్‌ఐవి వల్ల వచ్చే లింఫోమాను ఆపే మంచి దారి, బిడ్డకు హెచ్‌ఐవి సోకకుండా చూడడమే. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. గర్భిణి మందులు సక్రమంగా వాడితే అది 5 కన్న తక్కువకు వస్తుంది. కాబట్టి ప్రతి గర్భిణి మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి. హెచ్‌ఐవి ఉన్న తల్లి బిడ్డకు ఆరు వారాలకే మడమ నుండి రక్తపు చుక్క తీసి పరీక్ష చేస్తారు. సోకిందని తేలితే ఆలస్యం చేయకుండా మందు మొదలవుతుంది. ఇంట్లో ఒక బిడ్డకు హెచ్‌ఐవి ఉన్నదని తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా, ఆరోగ్యంగా కనబడినా, పరీక్ష చేయించండి.

చివరిగా సంఘ కుటుంబాలకు ఒక మనవి. గిద్దలూరు నుండో, యర్రగొండపాలెం నుండో ఒక అవ్వ జబ్బు బిడ్డను తీసుకొని, మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి, భాష సరిగా తెలియని పట్టణంలో నెలల తరబడి వరండాలో పడుకోవడమంటే ఎంత కష్టమో ఆలోచించండి. మందు ప్రభుత్వం ఇస్తుంది. కాని ఇంటి దగ్గర ఉన్న ఇంకొక బిడ్డకు అన్నం ఎవరు పెడతారు? గేదెకు మేత ఎవరు వేస్తారు? చార్జీలకు నాలుగు వందలు ఎవరు ఇస్తారు? వైద్యం మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం మందు పనిచేయకపోవడం కాదు, ఇవే. జబ్బు పేరు ఏమిటని అడగకుండా ఈ చిన్న పనులు చేయగలిగితే, మీరు కూడా ఆ వైద్యంలో భాగస్తులే.

ఎవరి బిడ్డకైనా మెడలో గడ్డ కనిపిస్తే దాచకండి, రేపటికి వాయిదా వేయకండి. మా ఓపీకి తీసుకురండి. తలుపు తట్టడానికి మొహమాటం వద్దు.